వినాయక చవితికి విత్తనం, దీపావళికి ఎరువు



మన మామిడికుదురు మండలంలో ఏ వీధిలోకి వెళ్లినా ఒకటి రెండు గల్ఫ్ ఇళ్లుంటాయి, ఒకటి రెండు అమెరికా ఇళ్లుంటాయి. అంటే ఆ ఇళ్ల పిల్లలు అక్కడ ఉన్నారని. ఉగాది వెళ్లిందంటే అమెరికా ఇళ్లకు తాళాలు పడతాయి. అమ్మా నాన్నా ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు సర్దుకుని పిల్లల దగ్గరకు బయల్దేరతారు. ఆరు నెలలు ఉంటారు. దీపావళి దగ్గర పడేసరికి తిరిగొస్తారు. వచ్చాక చెప్పే కబుర్లలో మంచు ఉండదు. మంచు పడేలోపే వచ్చేస్తారు కదా. గడ్డి మాత్రం తప్పకుండా ఉంటుంది.

"తినే పంట కాదు. గేదెకు వేసేది కాదు. వారం వారం కోస్తారు, సంచుల్లో కుక్కి వీధిలో పెడతారు. ఇదేం వ్యవసాయమండీ బాబూ!" అంటారు.

ఇవాళ ఆ గడ్డి గురించే మాట్లాడుకుందాం. ఇళ్ల ముందు పెంచే లాన్ గడ్డి. అందులోనూ చల్లటి దేశాల లాన్ గడ్డి.

మనకెందుకండీ ఆ గోల అంటారేమో. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా ఆ ఇంట్లో ఉండేది మీరే. నీళ్ల గొట్టం మీ చేతికే వస్తుంది. పైగా వరి పండించిన చేతికి ఆ గడ్డి అంత కొత్తదేమీ కాదు. వరి కూడా గడ్డి కుటుంబమే. ఆ లాన్‌కి వచ్చే పెద్ద తెగుళ్లలో రెండు మన చేలల్లో మీరు ఏళ్ల తరబడి చూసినవే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు దాని స్వభావం తెలియాలి.

మన గరికను తీసుకోండి. చేలగట్టు మీద ఉంటుంది, పుంతలో ఉంటుంది, కాలవ గట్టు మీద ఉంటుంది. రోహిణి కార్తెలో రాళ్లు పగిలే ఎండ కాసినా, నాలుగు చుక్కలు పడితే చాలు, పాకేస్తుంది. గరికకు వేడి కావాలి. 30 డిగ్రీలు దాటితేగానీ దానికి హుషారు రాదు. అదే గరికను చలి దేశంలో వేస్తే మొదటి మంచుకే ఎండిపోయినట్టు గోధుమరంగుకు తిరిగి, మళ్లీ ఎండలొచ్చేదాకా లేవదు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహైయో, మిషిగన్ వైపు మన పిల్లల ఇళ్ల ముందున్న గడ్డి దీనికి పూర్తిగా ఎదురు. దానికి 15 డిగ్రీల నుంచి 24 డిగ్రీల దాకా ఉండే చల్లదనం ఇష్టం. మంచు కరిగాక వసంతంలో ఒక ఊపు పెరుగుతుంది. జులై, ఆగస్టు ఎండల్లో నీరసపడుతుంది. సెప్టెంబరు వచ్చి రాత్రులు చల్లబడగానే మళ్లీ లేస్తుంది. మంచు కింద కూడా దుబ్బు బతికే ఉంటుంది.

ఇంకోసారి చెబుతాను. మన గరిక ఎండలో పెరుగుతుంది. ఆ గడ్డి చల్లదనంలో పెరుగుతుంది, ఎండలో నిద్రపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే, ఇవాళ నేను చెప్పబోయే మిగతావన్నీ మీరే ఊహించుకోగలరు.

ఎందుకీ తేడా? ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టుకుని ఆహారం తయారుచేసుకుంటుంది. ఆ పట్టుకునే పని చేసే పదార్థం ఒకటి ఆకులో ఉంది. దానికో బలహీనత ఉంది. ఒక్కోసారి బొగ్గుపులుసు వాయువు అనుకుని ప్రాణవాయువును పట్టుకుంటుంది. అలా పట్టుకున్న ప్రతిసారీ మొక్కకు రాబడి పోతుంది, పైగా ఎదురు ఖర్చు. చల్లగా ఉన్నంతసేపూ ఈ పొరపాటు తక్కువ. వేడి పెరిగేకొద్దీ ఎక్కువ. గరిక, చెరకు, జొన్న, మొక్కజొన్న ఈ చిక్కును తప్పించుకున్నాయి. వాటి ఆకుల్లో బొగ్గుపులుసు వాయువును ఒకచోట చిక్కగా పోగుచేసి అందించే ఏర్పాటు ఉంది. కాబట్టి ఎంత ఎండైనా వాటి పని ఆగదు. చలిదేశపు గడ్డికి ఆ ఏర్పాటు లేదు. గోధుమకూ లేదు. అసలు ఆ గడ్డి గోధుమకు దగ్గర చుట్టం. పంజాబు రైతు గోధుమను కార్తీకంలో చల్లి, చలిలో పెంచి, ఎండలు ముదరక ముందే కోసేసుకుంటాడు. మన కోనసీమలో గోధుమ చేను లేకపోవడానికీ, ఆ లాన్ ఇక్కడ బతకకపోవడానికీ కారణం ఒకటే.

మరి వరి మాటేమిటని అడిగేవాళ్లుంటారు. అడగాలి కూడా. వరికీ ఆ ఏర్పాటు లేదండి. కాకపోతే వేల ఏళ్లుగా వేడి నేలల్లో ఉండి వేడికి అలవాటుపడింది. ఆ ఏర్పాటును వరి ఆకులోకి కూడా తేవాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పూనుకుని మొదలుపెట్టిన పని ఒకటుంది. ఇంకా చేలోకి రాలేదు. అదో పెద్ద కథ, మరోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో ప్లెయిన్స్‌బరోలోనో మీ అబ్బాయి ఇంటి మెట్ల మీద కూర్చున్నామనుకోండి. ఒక ఆకు తుంచి చేతిలోకి తీసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

ఆకు చివర చూడండి. సూదిలా సాగిపోకుండా పడవ ముక్కులా రెండు అంచులూ కలిసి కొద్దిగా పైకి లేచి ఉందా? వేలితో నొక్కితే ఆ కొస రెండుగా చీలుతుందా? అయితే అది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉందిగానీ అది కెంటకీదీ కాదు, అమెరికాదీ కాదు. యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లతో పాటు వెళ్లిన గడ్డి. దీని గొప్పతనమంతా నేల కింద ఉంది. భూమిలో కాండం పాకించి, పక్కన ఖాళీ కనబడితే తనే పూడ్చుకుంటుంది. ఎండాకాలం పైకి పూర్తిగా ఎండిపోయినట్టే కనబడి, చినుకు పడగానే లేచేదీ ఇదే.

ఆకు వెనక్కి తిప్పితే నూనె రాసినట్టు మెరుస్తోందా? మొదట్లో ఎర్రటి చాయ ఉందా? అది పెరెన్నియల్ రైగ్రాస్. చల్లిన వారానికే మొలుస్తుంది. తొందరవాళ్ల గడ్డి. వింబుల్డన్ టెన్నిస్ కోర్టుల్లో 2001 నుంచీ పూర్తిగా ఇదే. ఆట రోజుల్లో దాన్ని 8 మిల్లీమీటర్ల ఎత్తున కోసి ఉంచుతారు. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2003లో బాలికల డబుల్స్ గెలిచిందీ, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్స్ గెలిచిందీ ఈ గడ్డి మీదే.

ఇక ఆకు వెడల్పుగా, మోటుగా ఉండి, పైన ఈనెలు గట్లు గట్లుగా తేలి, అంచు వెంట వేలు రాస్తే గరుకు తగిలిందంటే అది టాల్ ఫెస్క్యూ. ముగ్గురిలోనూ గట్టిపిండం. వేరు లోతుగా దింపుతుంది, అందుకే వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. మేరీలాండ్, వర్జీనియా, ఉత్తర కరోలినా వైపు ఇదే ఎక్కువ. కాకపోతే దుబ్బు కట్టే రకం. పిలకలు వేస్తుందిగానీ పెద్దగా పాకదు. ఖాళీ పడితే మళ్లీ విత్తనం చల్లాల్సిందే.

ఈ టాల్ ఫెస్క్యూకి ఒక చరిత్ర ఉంది. 1931లో కెంటకీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఫెర్గస్ ఒక కొండవాలు పొలంలో చలికాలం కూడా పచ్చగా ఉన్న గడ్డిని చూసి విత్తనం తీసుకెళ్లాడు. పరీక్షలన్నీ అయ్యాక 1943లో కెంటకీ 31 అనే పేరుతో విడుదలైంది. రైతులు ఎగబడి వేశారు. కొన్నాళ్లకు దాన్ని మేసిన పశువులు రోగాన పడటం మొదలైంది. ఎండకు ఓర్వలేక చెరువుల్లో దిగి నిలబడేవి. చలికాలంలో కొన్నింటికి గిట్టలు ఊడాయి, తోక చివర్లు రాలాయి. గడ్డి చూస్తే పచ్చగా నిగనిగలాడుతోంది. చాలా ఏళ్లకుగానీ గుట్టు తెలియలేదు. ఆ గడ్డి లోపల, కంటికి కనబడని ఒక శిలీంధ్రం కాపురం ఉంటోంది. గడ్డికి అది హాని చెయ్యదు. పైగా పురుగు రాకుండా కాపలా కాస్తుంది. పశువుకే విషం. లాన్ కోసం అమ్మే విత్తనంలో పురుగు కొట్టదని ఆ శిలీంధ్రాన్ని కావాలనే ఉంచుతారు. కాబట్టి, "అంత గడ్డి వృథాగా పోతోంది, ఎవరి పశువులకైనా వెయ్యకూడదా" అని మనవాళ్లు వాపోతుంటారే, వెయ్యకూడదు. అదీ సమాధానం.

ఎడిసన్ పేరు ఊరికే ఎత్తలేదు. అక్కడ మన తెలుగువాళ్లు వీధులకు వీధులున్నారు. దాని పక్కూరు న్యూ బ్రన్స్‌విక్. అక్కడే రట్గర్స్ విశ్వవిద్యాలయం. ఈ రోజుల్లో మనం చూసే సన్నటి, చిక్కటి లాన్ గడ్డి పుట్టిల్లు చాలావరకు అదే. రీడ్ ఫంక్ అని ఒక ఆచార్యుడు 1961లో అక్కడ చేరాడు. కొత్త రకాల కోసం ఆయన వెతికిన చోట్లు విచిత్రంగా ఉంటాయి. పాత పార్కులు, పాత శ్మశానాలు, దశాబ్దాలుగా ఎవరూ విత్తనం చల్లని పచ్చికలు. అన్నేళ్ల తొక్కుడుకీ కరువుకీ నిలబడి ఇంకా పచ్చగా ఉన్న దుబ్బు ఏదైనా ఉంటే అది గట్టి విత్తు అని ఆయన లెక్క. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో గొర్రెల పచ్చిక అని ఒక చోటుంది. 1934 దాకా అక్కడ నిజంగానే గొర్రెలు మేసేవి. ఆ పచ్చికలో ఏరిన దుబ్బుల నుంచే 1967లో మన్‌హట్టన్ అనే రైగ్రాస్ రకం వచ్చింది. వరి చేలో ఒక్క కంకి తేడాగా కనబడితే దాన్ని విడిగా దాచుకునే రైతులు మనలోనూ ఉన్నారు. ఫంక్ చేసిందీ ఆ పనే. మీరు అటు వెళ్లినప్పుడు మాల్ చూపిస్తారు, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడి చూపిస్తారు. మన అప్పనపల్లి బాలబాలాజీని తలుచుకుని ఆ స్వామికీ దణ్ణం పెట్టుకోండి. వచ్చేటప్పుడు రట్గర్స్ వైపు కూడా ఒకసారి తిప్పమనండి. ఆ గడ్డి మళ్లు చూస్తే మన మార్టేరు వరి పరిశోధన క్షేత్రం గుర్తొస్తుంది.

సరే, ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. మీరు అక్కడ ఉండేది వేసవి అంతా. అంటే ఆ గడ్డి కష్టకాలమంతా మీ కళ్ల ముందే గడుస్తుంది.

ఇక్కడే మన పెద్దవాళ్లు చేతులు కట్టుకుని ఉండలేరు. మన మండలంలోని ఒక పెద్దాయన, వరిలో ఆరితేరిన మనిషి, జులైలో కొడుకు ఇంటి ముందు గడ్డి పసుపెక్కిందని చూశారు. "ఒరే, ఇంత ఖరీదైన ఇల్లు కొన్నావు, గుప్పెడు యూరియా కొనలేవట్రా?" అన్నారు. కొడుకు ఆఫీసు నుంచి వచ్చేలోపు కోడలితో తెప్పించి చల్లేశారు. సాయంత్రం సాయంత్రం నీళ్లు పెట్టారు. వారం తిరక్కుండా గడ్డి నల్లపచ్చగా నిగనిగలాడింది. ఇంకో వారానికి అక్కడక్కడా గుండ్రంగా, పళ్లెం బోర్లించినంత మేర గోధుమరంగు మచ్చలు తేలాయి. తెల్లవారుజామున మంచు ఆరకముందు వెళ్లి చూస్తే, మచ్చల అంచున సాలెగూడు లాంటి బూజు. ఆకు తుంచి చూశారు. ఆకు మీద మచ్చ, దాని చుట్టూ ముదురు గోధుమరంగు అంచు. పెద్దాయన అక్కడే కూలబడ్డారట. "ఇది మన మాగుడు తెగులురా!" అన్నారట.

ఆయన అన్నది అక్షరాలా నిజం. మన వరిలో మాగుడు తెగులు అంటాం, కొందరు పాముపొడ తెగులు అంటారు. దాన్ని తెచ్చే శిలీంధ్రం పేరు రైజోక్టోనియా సొలాని. అమెరికా లాన్‌లో ఆ గుండ్రటి మచ్చలు తెచ్చేదీ అదే జాతి. తెగ కాస్త తేడా ఉండొచ్చు, బుద్ధి ఒకటే. వెచ్చటి రాత్రి, తడి ఆకు, యూరియా తిని మెత్తబడ్డ మొక్క, ఈ మూడూ కలిస్తే దానికి పండగ. వరిలో నత్రజని ఎక్కువైతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ తెలిసినదే అక్కడా గుర్తుపెట్టుకోవాలి.

మన అగ్గి తెగులు కూడా అక్కడ ఉంది. వేసవి చివర్లో రైగ్రాస్‌ను పట్టి, ఆకు కొసలు మెలితిప్పి, చూస్తూ చూస్తూ ఉండగా పచ్చికంతా మాడ్చేస్తుంది. అదీ వరి అగ్గి తెగులు శిలీంధ్రం జాతే. దాని గురించి చివర్లో ఇంకో ముఖ్యమైన మాట ఉంది.

కాబట్టి వేసవిలో ఏం చెయ్యాలి? ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెబుతాను. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎరువు వెయ్యకూడదు. సాయంత్రం నీళ్లు పెట్టకూడదు. పొట్టిగా కొయ్యకూడదు. మళ్లీ చెబుతున్నాను. వేసవిలో ఎరువు వద్దు. సాయంత్రం తడి వద్దు. పొట్టి కోత వద్దు.

నీళ్లు తెల్లవారాక పెట్టండి, ఎండ వచ్చేసరికి ఆకు ఆరిపోవాలి. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే వేరు పైపైనే తిరుగుతుంది. వారానికి ఒకసారో రెండుసార్లో, నేల లోపలికి దిగేలా పెట్టండి. వారం మొత్తానికి ఒక అంగుళం చాలు. కొలవడం ఎలాగంటారా? ఖాళీ డబ్బా ఒకటి లాన్ మధ్యలో పెట్టండి. స్ప్రింక్లర్ ఆడనివ్వండి. డబ్బాలో మీ బొటనవేలి మొదటి కణుపంత నీరు చేరితే అంగుళం.

కొన్ని ఊళ్లలో ఎండలు ముదిరితే నీటి వాడకం మీద ఆంక్షలు పెడతారు. అప్పుడు కంగారు పడకండి. బ్లూగ్రాస్ ఎండినట్టు కనిపిస్తే ఒక దుబ్బు పట్టుకుని లాగి చూడండి. నేలను గట్టిగా పట్టుకుని ఉండి, మొదలు దగ్గర తెల్లగా కనిపిస్తే అది బతికే ఉంది. నిద్రలో ఉంది. రెండు మూడు వారాలకోసారి అర అంగుళం తడి ఇస్తే దుబ్బు ప్రాణం నిలుస్తుంది. లేపాలని మాత్రం చూడకండి. మధ్యలో లేపి మళ్లీ నీళ్లు మానేస్తే దాచుకున్న బలమంతా ఖర్చయి నిజంగానే పోతుంది.

కోత సంగతి. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే ఎంత ఉంటుందో అంత ఎత్తు ఉంచమని అబ్బాయికి చెప్పండి, అంటే 3 అంగుళాలు. ఫెస్క్యూ అయితే ఇంకాస్త ఉన్నా మంచిదే. పైన ఆకు ఎంత ఉంటే కింద వేరు అంత దిగుతుంది. నీడ పడి కలుపు విత్తనం మొలవదు. ఒక్క కోతలో మూడో వంతుకు మించి తియ్యకూడదు. మిషను బ్లేడు పదునుగా ఉండాలి. కోసిన మర్నాడు దగ్గరగా వెళ్లి చూడండి. ఆకు కొస సాఫీగా ఉంటే సరే. పీచు పీచుగా చిరిగి తెల్లబడి ఉంటే బ్లేడు మొద్దుబారింది. చిరిగిన ఆకు తెగులుకు తలుపు తీసినట్టే. కోసిన గడ్డిని సంచుల్లో నింపి బయట పెట్టే అలవాటుందే, అది మానిపించండి. సన్నగా తరిగి అక్కడే రాలనిస్తే నేలలో కలిసిపోయి, ఏడాదికి కావలసిన నత్రజనిలో దాదాపు పావు వంతు తిరిగి ఇస్తుంది. సంచులు మొయ్యడమూ తప్పుతుంది.

ఇప్పుడు అసలైన పని కాలం. వినాయక చవితి.

మన చవితి ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో వస్తుంది. సరిగ్గా అప్పుడే అక్కడ రాత్రులు చల్లబడతాయి, నేల మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. విత్తనం మొలవడానికి వెచ్చటి నేల, మొలక పెరగడానికి చల్లటి గాలి. రెండూ ఒకేసారి దొరికే రోజులు అవే. వసంతంలో చల్లితే మొలక బలపడేలోపు ఎండలు మీద పడతాయి, కలుపు కమ్మేస్తుంది. అందుకని ఖాళీలు పూడ్చాలన్నా, కొత్తగా వెయ్యాలన్నా చవితికే. గడ్డి పొట్టిగా కోసి, నేలను గుల్ల చేసే మిషను అద్దెకు తెచ్చి తిప్పి, విత్తనం చల్లి, మట్టికి ఆనేలా రేక్‌తో ఒకసారి లాగాలి. మండె కట్టక్కర్లేదు. ఈ ఒక్క సమయంలోనే రోజూ రెండు మూడుసార్లు పైపైన తడపాలి. రైగ్రాస్ వారంలో వస్తుంది. ఫెస్క్యూకి పది రోజులు పడుతుంది. బ్లూగ్రాస్ మూడు వారాలదాకా ముఖం చూపించదు. అప్పుడు విత్తనాలు బాగాలేవని కొట్టువాణ్ణి తిట్టుకోకండి, అది దాని తీరు.

ఎరువు ఈ మొలకల కాలం నుంచి మొదలై దీపావళి నాటికి పూర్తవ్వాలి. ఇది నా మాటే కాదు, న్యూజెర్సీలో చట్టం. 2011లో తెచ్చారు. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఇంటివాళ్లు లాన్‌కు ఎరువు వెయ్యకూడదు. భూసార పరీక్ష చేయిస్తేగానీ, లేదా కొత్తగా విత్తితేగానీ భాస్వరం వెయ్యకూడదు. లాన్ల నుంచి కొట్టుకుపోయిన ఎరువు బార్నెగాట్ బే అనే సముద్రపు కయ్యలోకి చేరి నీరు పాడవుతోందని ఆ కట్టడి. మన డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎందుకంత బలంగా పెరుగుతోందో ఆలోచిస్తే ఈ చట్టం మీద గౌరవం కలుగుతుంది. అటువంటిది మనకూ ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది నాకు.

మళ్లీ చెబుతున్నాను. వేసవిలో వదిలెయ్యండి. చవితికి విత్తనం. దీపావళికల్లా ఎరువు.

అయితే ఇదంతా చల్లటి రాష్ట్రాల మాట. మీ అమ్మాయి డాలస్‌లో ఉంటే నా మాటలు ఆచరించకండి. అక్కడి లాన్లలో ఎక్కువగా ఉండేది బెర్ముడా గ్రాస్. బెర్ముడా అంటే మరేం కాదు, మన గరికే. ఎండలో పెరుగుతుంది, ఎరువు వేసవిలోనే వెయ్యాలి. తమాషా చూడండి. డాలస్‌లో డబ్బు పోసి పెంచే ఆ గరికే వర్జీనియా ఫెస్క్యూ లాన్‌లోకి పాకితే మొండి కలుపు. దాన్ని పీకలేక తలలు పట్టుకుంటారు. మన అయినవిల్లి సిద్ధి వినాయకుడికి భక్తితో పెట్టే గరిక! అందుకని, ఏ లాన్ మీదైనా చెయ్యి వేసే ముందు అది ఏ గడ్డో అడగండి.

చివరిగా ఆ ముఖ్యమైన మాట. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో గడ్డి విత్తనం పొట్లం పెట్టుకోవాలనిపిస్తుంది. పక్కింటి అమ్మాయి అడిగే ఉంటుంది, "బాబాయ్‌గారండీ, అక్కడి గడ్డి విత్తనం కాస్త తెచ్చిపెట్టరా" అని. తేకండి. మన దగ్గర జనవరి రాత్రి కూడా దాదాపు 20 డిగ్రీలుంటుంది. మొలిస్తే మొలుస్తుంది, సంక్రాంతికి ఫొటోకి పనికొస్తుంది, శివరాత్రి దాటాక మాడిపోతుంది.

అది మాడిపోతే మీ సొమ్మే పోతుంది. విత్తనంతో పాటు తెగులు వస్తే ఊరు పోతుంది. గోధుమ అగ్గి తెగులు 1985లో బ్రెజిల్‌లో బయటపడింది. ఇందాక రైగ్రాస్‌ను పట్టే అగ్గి తెగులు అన్నానే, దానికి దగ్గర తెగ. 2016లో అది దక్షిణ అమెరికా నుంచి సముద్రాలు దాటి బంగ్లాదేశ్ గోధుమ చేలల్లో దిగింది. ఆ భయంతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో కొన్నేళ్లు గోధుమ వెయ్యడమే ఆపించింది. 2011లో మన కోనసీమ రైతులు పంట విరామం పాటించారు, నిజమే. అది మనం కోపంతో తీసుకున్న నిర్ణయం. ఇది తెగులు తెచ్చిపెట్టిన విరామం. బయటి దేశపు విత్తనం తేవాలంటే అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు చెబుతోంది. సరదా కోసం ఆ ఉత్తర్వును దాటకండి.

ఇంటి ముందు పచ్చిక కావాలనుంటే మనకు దగ్గర్లోనే కడియం, కడియపులంక నర్సరీలున్నాయి. మంచి ఎండ పడే చోటైతే గరిక రకం గానీ, కొరియన్ గడ్డి గానీ చాపలుగా తెచ్చి పరవండి. కొబ్బరి చెట్ల నీడైతే గరిక పలచబడిపోతుంది. వెడల్పాకు బఫెలో గడ్డి అడగండి, అది నీడను ఓర్చుకుంటుంది. మన నేలకు నీరు నిలిచే గుణం ఎక్కువ కాబట్టి ముందు కాస్త ఎత్తు చేసి, ఒక పక్కకు వాటం పెట్టండి. తుంగ గడ్డలు ఏరేశాకే చాప పరవండి. తర్వాత ఏరుదామంటే కుదరదు. ఇక్కడ పచ్చిక వెయ్యడానికి మంచి అదను తొలకరి.

ఈ ఆదివారం పిల్లలు ఫోన్ చేసినప్పుడు మీ ఇంటి ముందున్నది ఏ గడ్డిరా అని అడగండి. తెలియదంటే, ఆకు కొస దగ్గరగా ఒక ఫొటో, ఆకు వెనక వైపు ఒక ఫొటో తీసి పంపమనండి. ఏ గడ్డో మీరే చెప్పగలరు. న్యూజెర్సీ వైపైతే విత్తనం, మిషను ఇప్పటినుంచే చూసుకుని, చవితి వారానికి సెలవు పెట్టుకోమనండి.